మడ్ టైర్లకు బురద తెలుసు, తడి రోడ్డు తెలియదు

మడ్ టైరును దగ్గరగా చూసిన ఎవరికైనా మొదట కలిగే అభిప్రాయం ఒకటే: ఇంత మొరటుగా, ఇంత లోతైన గాడులతో ఉన్న టైరు ఎక్కడా జారదు. వేలు పూర్తిగా దూరిపోయే సందులు, పక్కగోడ మీదికి కూడా పాకిన రబ్బరు దిమ్మెలు చూపుకే ధైర్యమిస్తాయి. ఇరుసు దాకా దిగబడిన బండిని బురదలోంచి బయటికి లాగిన టైరుకు వానలో తడిసిన తారు రోడ్డు ఒక లెక్కా అనిపించడం సహజం. చలి దేశాల్లో ఇదే ధీమా ఐస్ పట్టిన రోడ్డు దాకా సాగుతుంది. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది: బురదలో ఆ టైరును గెలిపించే గుణాలే తడి రోడ్డు మీదా, ఐస్ మీదా దాన్ని ఓడిస్తాయి. తయారీలో ఎక్కడో లోపం జరిగి ఇలా కావడం లేదు; ఆ టైరు రూపకల్పనలోనే ఈ ఓటమి ఉంది.

మడ్ టైర్లంటే గిట్టక ఈ మాట అనడం లేదు. నా ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఏడాదిలో కొంతకాలం అవే ఉంటాయి. నానిన మట్టి బాటల్లో, చక్రాల జాడలు కాలువల్లా మారిన దారుల్లో వాటితో పోటీపడే టైరు మరొకటి నాకు కనబడలేదు. నా అభ్యంతరం టైరు మీద కాదు, దాని రూపం చూసి మనం చేసే ఊహ మీద.

బురదలో టైరు పని ఎలా సాగుతుందో ముందు చూడాలి. బురద లొంగే పదార్థం. దాన్ని కోయవచ్చు, తవ్వవచ్చు, వెనక్కి నెట్టవచ్చు. రబ్బరు దిమ్మె అందులోకి దిగి, తన వెనకున్న బురద ముద్దను ఆసరా చేసుకుని బండిని ముందుకు తోస్తుంది. ఇక్కడ పట్టు రబ్బరుకూ నేలకూ మధ్య ఘర్షణ నుంచి వచ్చేది తక్కువ. ఆ బురద ముద్ద తెగిపోకుండా ఎంతసేపు నిలుస్తుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే దిమ్మెలు పెద్దవిగా, ఎత్తుగా, దూరదూరంగా ఉండాలి. చక్రం తిరుగుతున్నప్పుడు సందుల్లో ఇరుక్కున్న బురద విసురుగా బయటికి ఎగిరిపోవాలి. లేకపోతే ఒక్క చుట్టులోనే గాడులన్నీ నిండిపోయి టైరు నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. రాళ్లు తగిలినా చిట్లకుండా, ముక్కలు ఊడకుండా ఉండేందుకు రబ్బరు మిశ్రమం గట్టిగా ఉండాలి. పక్కగోడలు దళసరిగా ఉండాలి. కొత్త మడ్ టైరులో గాడి లోతు సాధారణంగా 14 నుంచి 17 మి.మీ. దాకా ఉంటుంది, మామూలు కారు టైరులో ఇది 8 మి.మీ. ప్రాంతంలోనే.

తారు రోడ్డు తెగదు, లొంగదు. దిమ్మె దానిలోకి దిగలేదు, దాన్ని తవ్వలేదు. అక్కడ పట్టు అంతా రబ్బరు నుంచే రావాలి: కంకర రాళ్ల మీది కంటికి కనబడనంత చిన్న గరుకుదనంలోకి రబ్బరు ఒదిగి, అతుక్కుని, సాగి, తిరిగి యథాస్థితికి వచ్చే క్రమంలో శక్తిని మింగాలి. దీనికి మెత్తని రబ్బరు కావాలి, నేలకు ఆనే వైశాల్యం కావాలి, కదలకుండా నిలిచే దిమ్మె కావాలి. మడ్ టైరులో ఈ మూడూ తక్కువే. పొడి రోడ్డు మీద ఘర్షణ పుష్కలంగా దొరుకుతుంది కాబట్టి ఈ కొరత బయటపడదు. శబ్దం, కొంచెం బద్ధకంగా తిరిగే స్టీరింగు తప్ప డ్రైవరుకు ఫిర్యాదు చేయవలసిందేమీ కనిపించదు. రోడ్డు తడిసిన రోజే లెక్క తేలుతుంది.

తడి రోడ్డు అనగానే అందరూ రెండు వేర్వేరు సమస్యలను కలిపేస్తారు. ఒకటి, రోడ్డు మీద నిలిచిన నీరు. రెండోది, రోడ్డంతా పరుచుకున్న పలుచని నీటి పొర. నిలిచిన నీటి విషయంలో మడ్ టైరుకు నిజంగానే బలం ఉంది. టైరు ముందున్న నీరు పక్కలకు తప్పుకునే లోపే చక్రం దాని మీదికి ఎక్కేస్తే బండి నీటి మీద తేలిపోతుంది. దీనినే హైడ్రోప్లేనింగ్ అంటారు. నాసాలో వాల్టర్ హోర్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో విమానాల టైర్ల మీద చేసిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ మొదటి మెట్టు. వారి సూత్రం ప్రకారం టైరు తేలే వేగం దానిలోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది: 30 పీఎస్ఐ వద్ద గంటకు సుమారు 91 కి.మీ., 15 పీఎస్ఐ వద్ద సుమారు 64 కి.మీ. గాడుల కంటే నీరే లోతుగా ఉన్న పరిస్థితికి చెప్పిన లెక్క ఇది. కారు టైరుకు యథాతథంగా వర్తించదు గానీ, అది చూపే దిశ మాత్రం నమ్మదగినదే. మడ్ టైరు లోతైన గాడులు నీటికి దారి ఇస్తాయి కాబట్టి గుంటల్లో నిలిచిన నీటిని అది మామూలు టైరు కంటే బాగానే చీల్చుకుపోగలదు. అయితే బురద కోసం గాలి తీసేసి, తిరిగి నింపకుండానే హైవే ఎక్కేసే అలవాటున్న వారు పై రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చిక్కంతా రెండో సమస్యతోనే. వానలో రోడ్డు ఎక్కువ సేపు ఉండేది పలుచని పొరతోనే గాని మడుగులతో కాదు. ఈ పొరను తొలగించడానికి లోతైన కాలువలు అక్కర్లేదు, పనికొచ్చేవి అంచులు. మంచి వాన టైరు లేదా చలికాలపు టైరు దిమ్మె మీద వెంట్రుకంత సన్నని చీలికలు అనేకం ఉంటాయి, వీటిని సైపులంటారు. దిమ్మె నేలకు నొక్కుకున్నప్పుడు ప్రతి చీలికా కొద్దిగా తెరుచుకుని, దాని అంచు కారు అద్దం మీది వైపరులాగా నీటి పొరను ఊడ్చేస్తుంది. ఊడ్చిన చోట రబ్బరు పొడి కంకరను తాకుతుంది. మడ్ టైరులో సైపులు తక్కువ. ఉన్నవి కూడా చాలా మోడళ్లలో లోతు లేనివి. కొంత అరుగుదలకే మాయమవుతాయి. వాటిని ఎక్కువగా పెడితే రాళ్ల మీద దిమ్మెలు చీలిపోతాయి గనుక తయారీదారు తెలిసే ఆ పని చేయడు. దీన్ని నేను తప్పు పట్టను. ఆ టైరును కొనేవాడు రాళ్ల మీద, బురదలో నడపడానికే కొంటున్నాడని ఆయన నమ్ముతున్నాడు.

రబ్బరు మిశ్రమం సంగతీ ఇంతే. 1990ల తొలినాళ్ల నుంచి రోడ్డు టైర్ల రబ్బరులో సిలికా (ఇసుక జాతి మెత్తని పొడి) వాడకం పెరిగి తడి పట్టు బాగా మెరుగుపడింది. దెబ్బలకు, కోతలకు ఓర్చుకోవాల్సిన మడ్ టైర్లలో మాత్రం కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్లటి పొడి) ప్రధానంగా ఉన్న గట్టి మిశ్రమాలకే పెద్దపీట. దీనికి తోడు దిమ్మెల ఎత్తు. బ్రేకు వేసినప్పుడు పొడవాటి దిమ్మె నిటారుగా నిలవదు, వంగుతుంది. వంగిన దిమ్మె ఉపరితలమంతా కాక ఒక అంచు మాత్రమే నేలను గట్టిగా నొక్కుతుంది. నేలకు ఆనే ముద్రలో ఖాళీలే ఎక్కువ కాబట్టి బండి బరువంతా మిగిలిన కొద్దిపాటి రబ్బరు మీద పడుతుంది. బరువు అలా ఒకచోట పోగైతే పట్టు పెరుగుతుందని అనుకుంటాం. రబ్బరు విషయంలో అది నిజం కాదు. ఒత్తిడి పెరిగే కొద్దీ రబ్బరు ఘర్షణ గుణకం, అంటే మోసే బరువుతో పోల్చితే అది ఇచ్చే పట్టు, తగ్గుతుంది.

ఈ తేడా రోడ్డు మీద ఎంత దూరంగా మారుతుందో ఒక చిన్న లెక్కతో చూపవచ్చు. ఇవి ఏ టైరు మీదా కొలిచిన అంకెలు కావు, భౌతికశాస్త్రం చెప్పేవి మాత్రమే. తడి రోడ్డు మీద ఒక టైరు 0.6 ఘర్షణ గుణకాన్నీ, మరొకటి 0.5నీ ఇస్తున్నాయనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగం నుంచి మొదటిది దాదాపు 42 మీటర్లలో ఆగుతుంది, రెండోది 50 మీటర్లు దాటుతుంది. ఎనిమిది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి పూర్తిగా ఆగిన చోట రెండో బండి ఇంకా గంటకు సుమారు 33 కి.మీ. వేగంతో కదులుతూ ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఆగిన లారీ అయినా, రోడ్డు దాటుతున్న మనిషి అయినా, ఆ 33 కి.మీ. మొత్తం వారికే తగులుతుంది.

నడిపేవారికి ఇది మొదట తెలిసేది పెద్ద బ్రేకు వేసినప్పుడు కాదు, చిన్న మలుపులో. చాలాకాలం తర్వాత కురిసిన తొలి చినుకులకు రోడ్డు మీది నూనె, దుమ్ము పైకి తేలి ఉన్నప్పుడు, రౌండ్ అబౌట్ చుట్టూ తిరిగి బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెం ముందుగా నొక్కితే చాలు, వెనక చక్రాలు నెమ్మదిగా పక్కకు వెళ్లడం మొదలుపెడతాయి. శబ్దం రాదు. రోడ్డు టైరు జారే ముందు స్టీరింగులో బరువు తగ్గి ఒక సూచన ఇస్తుంది. మడ్ టైరు దిమ్మెలు అప్పటికే వంగి ఊగుతూ ఉంటాయి కాబట్టి ఏది దిమ్మె కదలికో, ఏది నిజంగా జారడమో చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. నాకు ఈ టైర్లలో అన్నిటికంటే నచ్చనిది ఇదే. పట్టు తక్కువైతే నెమ్మదిగా వెళ్లి సర్దుకోవచ్చు. ముందే చెప్పని టైరుతో సర్దుకోవడం కష్టం.

అయితే ఈ టైర్లకు తడి రోడ్డు మీద ఏ గ్రేడు వచ్చిందో చూసి కొనవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చిత్రమేమిటంటే, చాలా మడ్ టైర్లకు అలాంటి గ్రేడే ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మే నుంచి అమల్లో ఉన్న కొత్త టైరు లేబుల్ తడి పట్టును ఏ (A) నుంచి ఈ (E) దాకా తరగతులుగా చూపుతుంది. కానీ వృత్తిపరమైన ఆఫ్ రోడ్ టైర్లను ఆ నిబంధన పరిధి నుంచే తప్పించారు. ఐక్యరాజ్యసమితి 117వ టైర్ల నిబంధనలో ఆ తరగతికి ఇచ్చిన సాంకేతిక నిర్వచనం చూడండి: కార్లు, తేలికపాటి వాణిజ్య వాహనాల టైర్లయితే గాడి లోతు కనీసం 11 మి.మీ., ట్రెడ్‌లో (నేలకు ఆనే గాడుల పట్టీలో) ఖాళీ భాగం కనీసం 35 శాతం, గరిష్ఠ వేగం గంటకు 160 కి.మీ. మించకూడదు. పక్కగోడ మీద పీఓఆర్ అని మూడు అక్షరాలు కనిపిస్తే అది ఈ జాతి టైరే. అమెరికాలో కార్ల టైర్లకు తడి ఘర్షణ గ్రేడు ఇచ్చే యూటీక్యూజీ పద్ధతి ఉంది. అదీ ప్రయాణికుల కార్ల టైర్లకే వర్తిస్తుంది, ఎల్‌టీ అని ముద్రించిన తేలికపాటి ట్రక్కు టైర్లకు వర్తించదు. మడ్ టైర్లలో అధికభాగం ఎల్‌టీ రకమే. ఈ మినహాయింపుల్లో కుట్ర ఏమీ లేదు. క్వారీల్లో, అడవుల్లో తిరిగే టైరును హైవే కొలబద్దతో కొలవడం అర్థం లేని పని. కానీ అదే టైరు రోజూ బడి పిల్లలను దింపడానికి తారు రోడ్డు మీద తిరుగుతున్నప్పుడు ఆ మినహాయింపు అర్థం మారిపోతుంది. కొనేవాడికి అత్యంత అవసరమైన సమాచారమే లేబుల్ మీద లేకుండా పోతుంది. ఫొటోల్లో బురద చిమ్ముతూ ఎగిరే బండిని చూపించి అమ్మేవారు ఈ ఖాళీని ఎలాగూ పూరించరు.

మంచు సంగతికి వస్తే వ్యవహారం ఇంకొంచెం తికమకగా ఉంటుంది, ఎందుకంటే లోతైన మెత్తని మంచులో మడ్ టైరు నిజంగా పనిచేస్తుంది. బురదలాగే ఆ మంచు కూడా తవ్వడానికి లొంగుతుంది. పైగా మంచు టైర్ల చరిత్ర మొదలైందే ఇలాంటి టైర్లతో. ఫిన్లాండ్‌లో ఇప్పుడు నోకియన్ పేరుతో ఉన్న సంస్థ 1934లో కెలిరెంగస్ అనే టైరును లారీల కోసం తెచ్చింది; ప్రపంచంలో తొలి చలికాలపు టైరుగా దానికి పేరు. దాని మీద అడ్డంగా, లోతుగా కోసిన మొరటు గాడులుండేవి. అప్పటి రోడ్ల మీద మంచును ఇప్పటిలా ఎత్తి శుభ్రం చేసేవారు కాదు గనుక మంచును తవ్వుకుంటూ పోయే టైరే కావలసి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో మంచును తోసే యంత్రాలు వచ్చాయి, రోడ్లు శుభ్రపడ్డాయి. మిగిలింది చక్రాల కింద నలిగి గట్టిపడిన మంచు, దాని కింద మెరిసే ఐస్. అసలైన చలికాలపు టైరు ఆ మార్పుతో పాటే మారి మెత్తబడింది, వేల చీలికలు తొడుక్కుంది. మన కళ్లలోని మంచు టైరు మాత్రం ఇంకా 1930ల దగ్గరే ఆగిపోయి ఉంది.

ఈ పాత బొమ్మను బతికిస్తున్నది పక్కగోడ మీది ఎం ప్లస్ ఎస్ గుర్తు. మడ్ (బురద), స్నో (మంచు) అన్న ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలవి. ఈ గుర్తు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వచ్చేది: గాడులు ఇంత ఉండాలి, సందులు అంచుల దాకా తెరుచుకోవాలి వంటి షరతులే తప్ప మంచు మీద పరీక్షించి తీరాలన్న నియమం లేదు. అందువల్ల దాదాపు ప్రతి మడ్ టైరూ ఆ గుర్తును మోస్తుంది. ఈ లోపాన్ని సరిచేయడానికే ఉత్తర అమెరికా టైరు పరిశ్రమ 1999లో మూడు శిఖరాల పర్వతంలో మంచు పువ్వు ఉన్న గుర్తును ప్రవేశపెట్టింది. దానికోసం నలిగిన మంచు మీద పరీక్ష జరిపి, ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ లాగుడు పట్టును చూపాలి. జర్మనీ ఈ తేడాను చట్టంలోకే తెచ్చింది: 2018 నుంచి తయారైన టైర్లకు ఒక్క ఎం ప్లస్ ఎస్ గుర్తు ఉంటే చాలదు, 2024 సెప్టెంబరు ముగిశాక పాత వాటికీ చాలదు, చలికాలపు టైరుగా చెల్లాలంటే పర్వతం గుర్తు ఉండాల్సిందే. ఆ పర్వతం గుర్తు కూడా మంచుకు సంబంధించినదే గాని ఐస్‌కు కాదు. ఐస్ పట్టుకు యూరప్‌లో వేరే చిహ్నం ఉంది, అది 2021 లేబుల్‌తో వచ్చింది. మంచు, ఐస్ రెండూ తెల్లగానే ఉంటాయి కానీ టైరుకు అవి రెండు వేర్వేరు లోకాలు.

నలిగిన మంచు మీద కొంతదూరం నడిపాక బండి ఆపి దిగి రెండు రకాల టైర్లను పోల్చి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. చలికాలపు టైరు గాడులు, చీలికలు తెల్లగా మంచుతో నిండి ఉంటాయి. మంచుకు మంచు బాగా పట్టుకుంటుంది కాబట్టి ఆ నిండిన మంచే రోడ్డు మీది మంచును పట్టుకుని ఆపుతుంది. ఆ టైరును మంచు నిలిచేలాగే చేశారు. పక్క బండి మడ్ టైరు నల్లగా, శుభ్రంగా, సగర్వంగా కనిపిస్తుంది. బురదను విసిరేసే అదే నేర్పుతో అది మంచునూ విసిరేసింది. చూడడానికి ముచ్చటగా ఉన్న ఆ శుభ్రతే అక్కడ పట్టు పోవడానికి ఒక కారణం.

ఇక ఐస్. ఐస్ ఎందుకు జారుతుందన్న ప్రశ్న చాలా పాతది. ఐస్ ఉపరితలం మీద, గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే దిగువన కూడా, నీటిలాంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. ఐస్ మీద జారుతున్న వస్తువు పుట్టించే వేడి వల్ల కూడా నీటి పొర ఏర్పడుతుందని 1939లో బౌడెన్, హ్యూస్ చూపించారు. డ్రైవరుకు దీని నుంచి అందే ఆచరణాత్మక విషయం: చలి ఎక్కువైతే ఐస్ మరింత జారుతుందన్నది అపోహ. మైనస్ 20 డిగ్రీల వద్ద ఐస్ కొంతైనా పొడిగా ఉండి పట్టునిస్తుంది. సున్నాకు దగ్గరగా, మీద తడి మెరుస్తూ ఉన్నప్పుడే అత్యంత ప్రమాదకరం. అప్పుడు టైరు చేయాల్సిన పనులు రెండే. ఆ తడిని తొలగించాలి, చలిలో కూడా మెత్తగా ఉండి ఐస్‌కు ఆనుకోవాలి.

ఈ రెండు పనులూ ఎలా సాధించారో చూస్తే మడ్ టైరుకు ఎంత దూరముందో అర్థమవుతుంది. జపాన్‌లో ఇనుప మేకులున్న టైర్లు రోడ్లను గీకి లేపే దుమ్ము పెద్ద సమస్య అయి, 1990లో వాటిని అరికట్టే చట్టమే వచ్చింది. మేకులు లేకుండా ఐస్ మీద ఆగడం ఎలాగన్న ప్రశ్నకు జవాబుగా వచ్చిన టైర్లలో బ్రిడ్జ్‌స్టోన్ 1988లో తెచ్చిన బ్లిజాక్ ఒకటి. దాని రబ్బరు నిండా అతి చిన్న బుడగల వంటి రంధ్రాలుంటాయి, అవి ఐస్ మీది నీటి పొరను పీల్చుకుంటాయి. దానికి తోడు వందలాది చీలికల అంచులు, గడ్డకట్టే చలిలోనూ బిగుసుకోని మిశ్రమం. మడ్ టైరులో ఇవేవీ లేవు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే వేసవి రకం రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుందని టైర్ల వాళ్లు చెప్పే స్థూలమైన లెక్క. మడ్ టైరు రబ్బరు మామూలుగానే గట్టిది, చలిలో మరింత బిగుస్తుంది. దిమ్మె ఎంత ఎత్తున్నా ఐస్‌లోకి దిగదు. గాడి ఎంత లోతున్నా అందులోకి వెళ్లేందుకు ఐస్ మీద ఏమీ లేదు. మిగిలేది గట్టి రబ్బరు, తక్కువ వైశాల్యం, నీటి పొర.

గంటకు 50 కి.మీ. వేగం నుంచి, ఘర్షణ గుణకం 0.1 అయితే బండి ఆగడానికి దాదాపు 98 మీటర్లు పడుతుంది. 0.15 దొరికితే 66 మీటర్లు. చూడడానికి వందో వంతుల్లో ఉన్న తేడా నేల మీద 32 మీటర్లయింది. మలుపుల్లో కూడా అంతే కఠినం: 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, 0.1 గుణకంతో, గంటకు 25 కి.మీ. దాటితే ఎంత నేర్పు ఉన్న డ్రైవరైనా బండిని దారిలో ఉంచలేడు. ఫోర్ వీల్ డ్రైవ్ ఇక్కడ చేసే సాయం ఒక్కటే: కదలడం. ఆగడానికి ప్రతి కారూ నాలుగు చక్రాలతోనే బ్రేకు వేస్తుంది. కదలడం సులువైన బండి డ్రైవరుకు రోడ్డు బాగానే ఉందన్న తప్పుడు కబురు అందిస్తుంది. మడ్ టైర్లు సాధారణంగా ఇలాంటి బండ్లకే ఉంటాయి గనుక ఈ రెండూ కలిసినప్పుడు ముప్పు రెట్టింపు.

నా వాదనకు వచ్చే జవాబులు నాకు తెలుసు. బండి బరువైనది కాబట్టి నేలను గట్టిగా పట్టుకుంటుందన్నది మొదటిది. బరువు పట్టును పెంచిన నిష్పత్తిలోనే ఆపవలసిన భారాన్నీ పెంచుతుంది. ఆగే దూరానికి కలిగే లాభం సున్నా. టైర్లలో గాలి తగ్గిస్తే సరిపోతుందన్నది రెండోది. లోతైన మంచులో ఇది గొప్ప ఉపాయమే. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద నడిపేవారు భారీ టైర్లలో గాలిని 3 నుంచి 5 పీఎస్ఐ దాకా దించి మంచు మీద తేలుతూ పోతారు. కానీ అది తేలడానికి చేసే పని, నెమ్మదిగా, రోడ్డు లేని చోట. పైగా ఆ పనికి వాడే పెద్ద టైర్లలో చీలికలు కోసినవీ, మేకులు దిగ్గొట్టినవీ చాలా ఉంటాయి. అదే పద్ధతిని ఐస్ పట్టిన తారు రోడ్డుకు తెస్తే పక్కగోడలు ఊగుతాయి, రిమ్ము నుంచి టైరు ఊడే ప్రమాదమూ ఉంటుంది. నేను నిదానంగానే నడుపుతాను అన్నది మూడో జవాబు. దీనిని నేను గౌరవిస్తాను, ఎందుకంటే ఇదొక్కటే నిజాయితీ గల సమాధానం. అయితే ఆకస్మికంగా అడ్డొచ్చే బండి మన నిదానాన్ని అడిగి రాదు.

మడ్ టైరుకే చీలికలు కోయించడం, మేకులు కొట్టించడం కొందరు చేసే మధ్యేమార్గం. మేకుల కోసం ముందే రంధ్రాలు వదిలిన మడ్ టైర్లు కొన్ని మార్కెట్లో ఉన్నాయి. మేకులను చట్టం అనుమతించే చోట, ఐస్ మీద అవి నిజంగా మేలు చేస్తాయి. కోయించిన చీలికలు అంచులను పెంచుతాయి గాని రబ్బరును మార్చవు, పైగా రాళ్ల మీదికి వెళ్లినప్పుడు అక్కడి నుంచే ముక్కలు ఊడతాయి. నా దృష్టిలో ఇది ఒకే టైరుతో రెండు పనులు చేయించాలన్న మొండితనం. బురద నెలకు ఒకటి రెండుసార్లే ఎదురయ్యేవారికి పర్వతం గుర్తున్న ఆల్ టెరైన్ టైరు (రోడ్డుకూ మట్టి బాటకూ కలిపి చేసినది) ఎంతో మేలు. బురదలో అది మడ్ టైరు కంటే కొంత వెనకబడుతుంది, కానీ తడి రోడ్డు మీద, మంచు మీద ముందుంటుంది. ఐస్ రోజూ ఉండే చోట దానితో కూడా తృప్తిపడకూడదు; అక్కడ చలికాలపు టైర్లే కావాలి. నా బండికి రెండు జతల రిమ్ములు అందుకే ఉన్నాయి.

మడ్ టైర్లతో తడి రోడ్డు తప్పని రోజుల్లో నేను పాటించేవి ఎక్కువేమీ కావు. బురదలోంచి రోడ్డెక్కగానే గాలిని తిరిగి నింపుతాను. గాడుల్లోని మట్టి ఊడిపోయేదాకా మొదటి కిలోమీటరు నెమ్మదిగా, ఎవరి వెనకా దగ్గరగా వెళ్లకుండా నడుపుతాను. మట్టి నిండిన టైరుకు ఆ కాసేపూ ట్రెడ్ లేనట్టే లెక్క. ఖాళీగా, సూటిగా ఉన్న చోట ఒకసారి బ్రేకు గట్టిగా నొక్కి చూస్తాను. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఎంత తొందరగా పని మొదలుపెట్టిందో గమనిస్తే ఆ రోజు రోడ్డు మీద ఎంత పట్టు దొరుకుతుందో తెలిసిపోతుంది.

టైరు వయసును మాత్రం అశ్రద్ధ చేయను, ఎందుకంటే అప్పుడప్పుడే వాడే మడ్ టైర్లు అరిగి చావవు, గట్టిపడి చస్తాయి. చట్టాలు సాధారణంగా చెప్పే 1.6 మి.మీ. కనీస లోతు ఈ టైర్ల విషయంలో ఏమీ చెప్పదు; గాడిలో ఇంకా 12 మి.మీ. మిగిలి ఉండగానే రబ్బరు తడి పట్టును కోల్పోయి ఉండవచ్చు. పక్కగోడ మీద తయారీ వివరాలు తెలిపే డాట్ (DOT) సంకేతం చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. చలి ఉదయాన, బండి కదలకముందు, దిమ్మె పక్క అంచులో బొటనవేలి గోరు గుచ్చి చూస్తాను. గోరు కొంచెమైనా దిగి, తీశాక గుంట నెమ్మదిగా పూడితే ఆ టైరును ఇంకో వానాకాలానికి ఉంచుతాను. గోరు దిగకుండా జారిపోతే, గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ జతను రోడ్డు మీదికి తీసుకెళ్లను.